చేప తినని రోజుల్లో బడి

ఒక ఆడపిల్ల చదువును వారానికి మూడు రోజులకు ఖాయం చేసి, ఆ పిల్ల మామ్మతో చేతిలో చెయ్యి వేయించుకుని మరీ ఇంటికి వచ్చినదాన్ని నేను. ఒడిశాలోని మా గంజాం జిల్లాలో స్కూలు కౌన్సిలర్లు ఇంకా ఉన్నారు. శిక్షణలో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా ఇలాంటి బేరం కుదర్చలేదని ధైర్యంగా చెప్పగలను. ప్రభుత్వ బడి వారానికి ఆరు రోజులు, ఉచితంగా నడుస్తుంది. ఊరికే ఇచ్చే సరుకును కూడా సగానికి తగ్గించి ఇచ్చి, గెలిచానని మురిసిపోవడానికి కొంత ప్రత్యేకమైన తెలివి ఉండాలి. అది మా ఇంట్లో తరతరాలుగా ఉంది.

మాది బరంపురంలో చింతపండు, ఎండుమిరప హోల్‌సేల్ కొట్టు. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా. చిన్నప్పుడు బడి నుంచి వచ్చాక నేను కూర్చునే చోటు మిరప బస్తాల మీద. అక్కడ కూర్చుని నాన్న దగ్గర నేర్చుకున్నది ముఖ్యంగా ఒకటి. ఎదుటి మనిషికి సరుకు ఎందుకు కావాలో అడగకు, ఎంతకు తీసుకుంటాడో అడుగు అనేవారు. ఎందుకని అడిగితే కథ చెబుతాడు, కథ విన్నాక ధర మీద గట్టిగా నిలబడలేం అనేవారు. కొట్టుకు ఇది మంచి సలహా. నేను దీన్ని ఉద్యోగంలోకి కూడా మోసుకెళ్లాను. కౌన్సిలర్ అంటే కథ వినడానికే జీతం తీసుకునే మనిషి అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు వదిలేస్తున్నాను. వాటి గురించి చెప్పడానికి మీ ఆఫీసులో చాలామంది ఉంటారు.

గది, చీటీ, ఫారం

ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాక నన్నొక శిక్షణకు పంపి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, మూడు ప్రభుత్వ హైస్కూళ్లకు కౌన్సిలర్‌ని చేశారు. ఒకటి అంకులి వైపు, ఒకటి గోపాలపూర్ దారిలో, మూడోది ఛత్రపురం దగ్గర. వారంలో రెండేసి రోజులు ఒక్కో బడికి.

మీకు ఒక గది ఇస్తారు. అది ఆటసామాన్ల గది. విరిగిన క్యారమ్ బోర్డు, గాలి పోయిన బంతులు, వార్షికోత్సవానికి చేసిన అట్టముక్కల రథం, వాటి మధ్య మీరు. తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయిస్తారు. దానివల్ల ఏమవుతుందంటే, పొద్దున ఆ గదిలోకి వెళ్లిన పిల్లకు మధ్యాహ్నానికి బుర్ర చెడిందని బడంతా పాకుతుంది. ఛత్రపురం దగ్గరి బడిలో నా గది కిటికీకి తలుపుల్లేవు. అవతల వంటశాల. అక్కడ భోజనం వండే ఇద్దరికి నా కేసులన్నీ నాకంటే బాగా తెలుసు. హెడ్‌సారుకు చెబితే, ఫైలు మీద 'రహస్యం' అని రాయమన్నారు. రాశాను. ఆ ఫైలు స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉండేది.

ఇక టీచర్లు. అంకులి బడిలో ఒకరోజు ఒక సారు ఏడుగురు పిల్లలను వరసగా పంపారు, చేతికో చీటీ ఇచ్చి. 'వీరికి కౌన్సిలింగ్ చేసి రెండో పీరియడ్ లోగా పంపగలరు.' పిండిమరకు బియ్యం పంపినట్టు. ఏం తప్పు చేశార్రా అని అడిగితే, ఒకడు నవ్వాడని, వాడెందుకు నవ్వాడో అడిగినందుకు మిగతా ఆరుగురినీ పంపారని తెలిసింది. మీరు ఎంత చదువుకుని వచ్చినా సరే, టీచర్ల భాషలో కౌన్సిలింగ్ అంటే వాళ్లకు బదులు ఇంకొకరు తిట్టడం. దీని మీద నేను పదకొండేళ్లు గొడవపడ్డాను. ఏమీ మారలేదు, నా గొంతు తప్ప.

పై ఆఫీసు నుంచి నెలనెలా ఒక ఫారం వస్తుంది. ఎంతమందిని చూశారు, ఎంతమంది మెరుగుపడ్డారు. ఎలా మెరుగుపడ్డారో రాయడానికి చోటు ఉండదు, అంకె వేయడానికి మాత్రమే గడి ఉంటుంది. ఈ గడి ఎంత పని చెడగొడుతుందో కాసేపట్లో చెబుతాను.

మార్కండి బేరం

ఛత్రపురం దగ్గరి బడిలో జయంతి అనే పిల్ల ఉండేది. సముద్రం ఒడ్డున మార్కండి అనే జాలర్ల ఊరి పిల్ల. తండ్రి చెన్నైలో పడవల మీద పని, తల్లి కూడా అక్కడే. పిల్ల మామ్మ దానమ్మ దగ్గర ఉండేది. దానమ్మ పొద్దున్నే రేవులో వేలం పాడి చేపలు కొని, ఛత్రపురం బజారులో అమ్ముతుంది. జయంతి ఎనిమిదో తరగతి లెక్కల్లో క్లాసుకు మొదటిది. ప్లస్ టూలో సైన్సు తీసుకుని నర్సింగు చదువుతానని అప్పుడే నాకు చెప్పింది, ఎవరూ అడగకుండానే. తొమ్మిదో తరగతి మొదలై నెల తిరక్కముందే బడికి రావడం మానేసింది.

"వాళ్లది మీ భాషే కదా, మీరే వెళ్లండి" అన్నారు హెడ్‌సారు ఒడియాలో. వెళ్లాను.

దానమ్మ ఇంటి ముందు పాక నీడలో ఎండుచేపలు ఏరుతూ కూర్చుని ఉంది. జయంతి ఆవిడ మోచేతికి అంటుకుని కూర్చుంది. నన్ను చూసి తల దించుకుంది.

"మామ్మా, దిదీ వచ్చినారు" అంది మెల్లగా. మా వైపు బళ్లలో టీచరమ్మలను పిల్లలు దిదీ అంటారు, ఏ భాష పిల్లలైనా.

"కూకో పంతులమ్మా. నీల్లు తాగుతావేటి?" అంది దానమ్మ.

"నీళ్లొద్దు మామ్మా. జయంతి బడికి రావాలి."

"రాదు. సేపలమ్మాల."

"వారానికి ఆరు రోజులు బడి. ఒక్కరోజు మానితే నేను చూసుకుంటాను. ఐదు రోజులు పంపు."

"ఐదు రోజులు నీకిచ్చీసి నానేటి సెయ్యాల? ఒక రోజు అట్టుకెల్లు."

"ఒక్కరోజుకు ఏం వస్తుంది? నాలుగు."

"నువ్వు కొట్టోల పిల్లవేటి?" ఆవిడ నవ్వింది. "ఒకటిన్నర."

"ఒకటిన్నర రోజు బడి ఎక్కడైనా ఉంటుందా?"

"శనోరం ఒక పూటే కదేటి బడి. అదే అర."

నాకు ఒళ్లు పులకరించింది. ఎన్నాళ్లయిందో ఇలాంటి మనిషితో మాట్లాడి. ఫారాలతో, సర్క్యులర్లతో తలనొప్పి పట్టిన నాకు మళ్లీ మిరప బస్తాల మీద కూర్చున్నట్టు అనిపించింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నా మొహం వైపు చూడలేదు. నా భుజం మీదుగా ఎటో చూస్తూ మాట్లాడింది. గట్టి బేరగాళ్లు అంతే. మా నాన్న కూడా పెద్ద బేరం తగిలినప్పుడు ఎదుటివాడి కళ్లు తప్పించి గోడ వైపు చూసేవారు. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చివరికి ఆవిడే సోమ, గురు, శనివారాలకు తేల్చింది. "సోమారం, లచ్చిమోరం, శనోరం. మూడు. ఇంక మాటాడకు."

ఒప్పుకున్నాను. చేతిలో చెయ్యి వెయ్యమన్నాను. నా చేతికి జానెడు పక్కగా చాపింది. పెద్దరికం చూపిస్తోంది, మనమే జరిగి అందుకోవాలి అనుకున్నాను. జరిగి అందుకున్నాను.

గమనించారా, మొత్తం బేరంలో ఒక్కసారి కూడా నేను ఎందుకని అడగలేదు.

ఆ సాయంత్రం మా తమ్ముడికి టీ తాగుతూ ఈ కథ చెప్పాను. కొట్టు ఇప్పుడు వాడిదే. సున్నా నుంచి మూడుకు తెచ్చానురా అన్నాను.

"ఏయే రోజులక్కా?"

చెప్పాను. వాడు గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

"సోమారం శివుడు, లచ్చిమోరం లచ్చిందేవి, శనోరం ఆంజనేయులు. ఎంత సేపలు తినేవోల్లయినా ఆ మూడ్రోజులూ ముట్టరక్కా. మన కొట్లో ఆ రోజుల్లో చింతపండు కూడా కదలదు. ముసల్ది అమ్ముడుపోని రోజులన్నీ ఏరి నీకు అంటగట్టీసింది."

మా ఇంట్లో చేప వండరు. తినే రోజు, తినని రోజు అన్న తేడా నాకు తట్టనే లేదు.

"నాన్నుంటే నిన్ను కొట్టు మెట్లెక్కనీకపోదురు" అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ.

తెల్లారి మళ్లీ మార్కండి వెళ్లాల్సింది. వెళ్లలేదు. కుదిరిన బేరాన్ని మళ్లీ కదపకూడదన్నది మా కొట్టు మర్యాద. పైగా నన్ను ఓడించిన మనిషంటే నాకు గౌరవం. ఒక పిల్ల చదువు విషయంలో ఈ రెండింటికీ ఏం విలువ ఉందో ఇప్పుడు ఆలోచిస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

కార్తీకం

హెడ్‌సారుకు సంగతి చెప్పాను. ఆయన క్లాస్ టీచరును పిలిచి, మూడు రోజులు వచ్చే పిల్లకు ఆరు రోజులూ హాజరు వెయ్యమన్నారు.

"లేకపోతే రేపు మెట్రిక్ ఫారం ఆగిపోతుంది. నష్టం పిల్లకే కదా" అన్నారు.

పిల్ల మేలుకే అంటున్నారు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. ఆయన చెడ్డమనిషి కారు. తన బడి అంకెలన్నీ నీటుగా ఉండాలని కోరుకునే మనిషి. అలాంటివాళ్లతో పనిచేయడం చెడ్డవాళ్లతో పనిచేయడం కంటే కష్టం, ఎందుకంటే పోట్లాడబోతే మన చేతిలో టీ కప్పు పెడతారు.

తర్వాత కార్తీకమాసం వచ్చింది. మా వైపు కార్తీకం నెలంతా చేపా మాంసం ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి. జయంతి నెలరోజులూ బడికి వచ్చింది. ఒక్కరోజు మానలేదు. లెక్కల సారు నా గదికి వచ్చి, "మీ కౌన్సిలింగ్ పనిచేసింది దిదీ" అన్నారు. నాకు కారణం తెలుసు. అయినా ఆయనతో చెప్పలేదు. తల ఊపాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ నెల ఫారంలో మెరుగుపడినవారి గడిలో ఆ పిల్లను కూడా కలిపి అంకె వేశాను.

పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి. నెల ఉపవాసాలు వదిలి ఒడిశా అంతా చేపల బజారు మీద పడే రోజు. ఆ రోజు జయంతి బెంచీ ఖాళీ. హాజరు పట్టీలో మాత్రం వచ్చినట్టే ఉంది. ఆ పట్టీ నిజం చెప్పి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఈ పిల్ల సగం రోజులు ఎక్కడుంటోంది అని అడిగేవారు. మేమంతా కలిసి, మంచి ఉద్దేశంతోనే, ఆ అడిగేవాడు రాకుండా చేశాం.

మొదలుపెట్టిన లెక్కలు

అలా తొమ్మిది గడిచి పదో తరగతి వచ్చింది. దసరా సెలవుల తర్వాత ఒక గురువారం లెక్కల సారు ఒక పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. జయంతిది. ప్రతి లెక్కా గుండ్రటి అక్షరాలతో మొదలైంది. రెండు మూడు వరసలు తప్పు లేకుండా నడిచింది. అక్కడ ఆగిపోయింది. అన్నీ అంతే.

పిల్లను పిలిచాను. "ఏటి జయంతీ ఇది? అన్నీ సగంలో ఒగ్గీసినావు."

"నాకు మొదలెట్టడం వస్తాది దిదీ. సారు సోమారం మొదలెడతారు, మంగలారం ముగిస్తారు. బుదోరం కొత్తది మొదలెట్టి లచ్చిమోరం ముగిస్తారు. మొదలు వొకటి దొరుకుతాది, చివర వొకటి దొరుకుతాది. రెండూ ఒకే లెక్కవి కావు."

"పక్కవాళ్ల నోట్సు చూసి ఎక్కించుకోవచ్చుగా."

"ఎక్కించుకున్నాను. ఆ అంకెలే ఇస్తే సేసేస్తాను. అంకెలు మార్చీస్తే రాదు."

ఏడవలేదు. తూకం ఎంత వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. తర్వాత అడిగింది, "దిదీ, సైన్సుకి ఎన్ని మార్కులు రావాల?"

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అంటే అందరి మీదా. ముసలమ్మ మీద, హెడ్‌సారు మీద, కిటికీలోంచి వింటున్న వంటవాళ్ల మీద. నా మీద తప్ప. పరీక్ష ఫారం మీద ఇంటి పెద్ద వేలిముద్ర ఎలాగూ కావాలి. ఆ ఫారం పట్టుకుని ఆటో ఎక్కాను. ఈసారి ఐదు రోజులకు తగ్గేది లేదని దారంతా లోపల్లోపల బేరమాడుకుంటూ వెళ్లాను.

పట్టపగలు

పిల్ల బడిలో ఉంది కాబట్టి దానమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. మధ్యాహ్నం ఎండ. నేను నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. మూడడుగుల దూరం ఉండదు.

ఆవిడ తలెత్తింది. "ఎవులు? అప్పలమ్మేటి?"

నేను పలకలేదు. ఎందుకు పలకలేదో నాకే తెలీదు.

"నోరు లేదేటి? ఎవులూ?" అంటూ పక్కన నేల తడిమింది, కర్ర కోసం.

"నేను మామ్మా. పంతులమ్మని."

ఆవిడ మొహం క్షణంలో మారిపోయింది. నడుం నిటారుగా చేసి, నా భుజం మీదుగా ఎటో చూస్తూ, పాత గొంతుతో అంది. "ఓలమ్మ, నువ్వా. సూసినానులే. ఊరికే ఆటకి అడిగినాను."

ఫారం ఆవిడ చేతిలో పెట్టాను. "ఇది చూడు మామ్మా."

రెండు చేతులతో పట్టుకుంది. బొటనవేలితో అంచు నిమిరింది. "సూసినాను. బాగున్నాది."

"ఏ రంగు కాగితం మామ్మా?"

ఆవిడ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"రెండేల్లు దాటింది. ముందర మబ్బు మబ్బుగుండీది. ఇప్పుడు ఎలుగు తెలుస్తాది, మడిసి తెలీదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్తే రేవులో తెలిసిపోదేటి? కల్లు లేనిదానికి తాజా సేప ఎవులిస్తారు? నిన్నటి సరుకు నా తట్టలో ఏసీసి ఇయాల్దే అంటారు. అదుంటే మొప్పలు సూసి నా సెయ్యి నొక్కుతాది. ఒకసారి నొక్కితే పాడీమని. రెండుసార్లు నొక్కితే ఒగ్గీమని. ఎవులికీ సెప్పనని ఒట్టేయించుకున్నాను."

మోచేతికి అంటుకుని కూర్చున్న పిల్ల, పక్కకు చాపిన చెయ్యి, తప్పించిన చూపు, అన్నీ నా కళ్లముందే జరిగాయి. రెండు కళ్లూ ఉన్నదాన్ని నేను. చూసిందంతా బేరం తెలివి అనుకుని మెచ్చుకున్నాను.

"నాకైనా చెప్పొచ్చు కదా మామ్మా. ఏడాది పైనే అయింది."

"నువ్వడిగినావేటి?" అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఎన్ని రోజులు, ఎన్ని రోజులు అనే అడిగినావు. నువ్వు బేరానికొచ్చినావు, నాను బేరం సేసినాను. ఎందుకని ఒకపాలి అడిగితే సెప్పీదాన్నో లేదో. అడగనైతే అడగలేదు కదా."

ఒక పూట పని

శుక్లాలు. పెద్దాసుపత్రిలో ఉచితంగా తీస్తారు. ఈ సంగతి తెలుపుతూ బడి గోడ మీదే ఒక పోస్టరు ఉండేది, ఆ బడికి వెళ్లిన ప్రతిసారీ దాని పక్కనుంచే నడిచాను.

రేవులో ఎవరికీ తెలియకూడదన్నది దానమ్మ పెట్టిన షరతు. ఒప్పుకున్నాను. గోపాలపూర్‌లో బంధువుల ఇంటికి వెళ్లిందని చెప్పించి, జయంతినీ ఆవిడనూ బరంపురం తెచ్చాను. పరీక్ష చేసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. కుడి కంటికి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. ఎడమ కంట్లో శుక్లం మరీ ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి నరం పాడైంది.

"ఎప్పుడు తెచ్చి ఉంటే అదీ దక్కేది?" అన్నాను.

"ఒక సంవత్సరం ముందు తెచ్చినా చాలా మటుకు బాగుండేది" అంది.

ఆపరేషన్ ఒక పూటలో అయిపోయింది. కట్టు విప్పిన రోజు దానమ్మ మొదట జయంతిని చూసింది, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి. తర్వాత నన్ను చూసింది.

"ఓసి, నువ్వింత ముసల్దానివేటి? గొంతు బట్టి పడుసుదనుకుని జాలిపడినాను. తెలిస్తే ఇంకో రోజు తగ్గించుదును."

జయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడాదికి పైగా ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. అప్పుడు చూశాను.

పది రోజుల తర్వాత దానమ్మ తన తట్ట తాను మోసుకుని, చేపల మొప్పలు తానే చూసుకుని బజారుకు వెళ్లింది. జయంతి ఆరు రోజులూ బడికి రావడం మొదలుపెట్టింది. పరీక్షకు ఉన్నది మూడు నెలలు. లెక్కల సారు బడి అయ్యాక కూర్చోబెట్టి చెప్పారు, నేనూ కూర్చున్నాను. ఏడాదిన్నర లెక్కల చివరలన్నీ మూడు నెలల్లో ఎక్కవు. ఆ ఏడాది లెక్కల్లో తప్పింది. మళ్లీ ఏడాది చదివి రాసింది. పాసయింది. సైన్సుకు చాలే మార్కులు కావు.

నేను తర్వాత అడిగిన ప్రశ్న

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బడి మానే ప్రతి పిల్లనూ ఒకే ప్రశ్న అడిగాను. మీరూ అడగండి. "రేపు నువ్వు బడికి వస్తే మీ ఇంట్లో ఏ పని ఆగిపోతుంది?"

ఎందుకు రావట్లేదు అని అడిగితే పిల్లలు జ్వరం అంటారు. అది మనం నేర్పిన జవాబు. ఏ పని ఆగిపోతుంది అని అడిగితే ఆలోచిస్తారు. గోపాలపూర్ దారి బడిలో ఒక పిల్ల, అమ్మ పనికి వెళ్లేసరికి మంచం మీదున్న తాతను తిప్పి పడుకోబెట్టే మనిషి ఉండరని చెప్పింది. ఇంకొకడు, నాన్న తాగొచ్చినప్పుడు చెల్లిని పక్కింట్లో దింపేవాళ్లు ఉండరని చెప్పాడు. ఆ పని పేరు తెలిశాక దానికి ఏదో ఒక దారి వెతకొచ్చు. అన్నిసార్లూ దొరకదు. దొరకనప్పుడు కనీసం మనం దేనితో పోట్లాడుతున్నామో తెలుస్తుంది.

ఇంకో మాట. మీ హెడ్‌సారు దయతో తప్పుడు హాజరు వేయిస్తానంటే ఒప్పుకోకండి. మీ మీద కోపం వస్తుంది, టీ ఇవ్వడం మానేస్తారు. మానెయ్యనివ్వండి. రాని పిల్ల రాలేదనే రాయాలి. అలా రాస్తే ఎవరో వచ్చి అడుగుతారని హామీ ఏమీ లేదు. మన డిపార్టుమెంటు నాకు తెలుసు. కానీ రాయకపోతే ఎవరూ రారన్నది ఖాయం.

మెరుగుపడినవారి గడి ఖాళీగా పంపండి. సంజాయిషీ అడుగుతారు. నన్నూ అడిగారు. ఏమీ కాలేదు.

ఎవరు ఏం కట్టారు

నా పదవీ విరమణ సభలో హెడ్‌సారు మాట్లాడారు. మార్కండి పిల్ల కథ చెప్పారు. బడి మానేసిన పిల్లను మామ్మతో బేరమాడి వెనక్కి తెచ్చారు, ఆవిడకు కళ్లు కూడా ఇప్పించారు అన్నారు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను, ఆ చోట నిజం చెప్పే ధైర్యం లేక. ఇక్కడ చెబుతున్నాను.

ఈ కేసులో దానమ్మ కట్టింది ఒక కన్ను. జయంతి కట్టింది ఒక సంవత్సరం, దాంతోపాటు సైన్సు. ఇప్పుడు ఛత్రపురంలో ప్లస్ టూ ఆర్ట్స్ చదువుతోంది. నర్సింగుకు ఆ వైపు నుంచి ఏమైనా దారి ఉందేమో కనుక్కుని చెప్పాను. "సూద్దాం దిదీ" అంది. ఆ గొంతులో ఎనిమిదో తరగతి పిల్ల లేదు. హెడ్‌సారు ఏమీ కట్టలేదు. క్లాస్ టీచరు ఏమీ కట్టలేదు. నేను శాలువా తెచ్చుకున్నాను.

మా తమ్ముడు నా తరఫున వాదిస్తాడు. "నువ్వు ఎల్లకపోతే ఆ పిల్ల మూడ్రోజులూ వచ్చేది కాదు కదక్కా" అంటాడు. ఈ వాదన నేనూ చాలాసార్లు చేసి చూసుకున్నాను. నిలబడదు. ఆ సోమ, గురు, శనివారాలు చేపలు అమ్ముడుపోని రోజులు. అవి ముసలమ్మ దగ్గర ఎలాగూ మిగిలిపోయేవి, నేను వెళ్లకపోయినా ఏదో ఒకనాటికి పిల్లను ఆ రోజుల్లో పంపేది. ఆ మూడు నేను తెచ్చినవి కావు. మంగళ, బుధ, శుక్రవారాలు మాత్రం నేను అక్కడే కూర్చుని, నవ్వుతూ, చేతిలో చెయ్యి వేసి ఒప్పుకుని వదిలేసి వచ్చినవి.